నిలువుగా కలిపిన గడి

ఉత్స్‌యోకిలో మధ్యాహ్నం రెండింటికే దీపాలు పెట్టుకునే నెల.
ఎల్లుండి రెయిన్‌డీర్ల ఏరివేత.
దొడ్డి దగ్గర మంచులో నిలబడి చదువుకోవడానికి
నలభై మూడు పట్టికలు అచ్చు కావాలి:
ఎవరిది ఏ చెవికోత, ఎన్ని తలలు, ఎన్ని దూడలు.

మాక్రో నాదే. మూడేళ్ల కిందట జ్వరంతో మంచంలో రాసుకున్నది.
మొదటి వరుసకు బూడిద రంగు,
పేర్లు ఎడమకు, అంకెలు కుడికి,
గీతలు వెంట్రుకంత సన్నగా.
మీట నొక్కితే చాలు,
దువ్వెన దిగినట్టు చిక్కులన్నీ విడిపోయేవి.

ఇవాళ పదిహేడో పట్టిక దగ్గర మొరాయించింది.
తప్పు నంబరు ఐదువేల తొమ్మిదివందల తొంభై ఒకటి.
నిలువుగా కలిపిన గడులున్నాయట,
వరుసలను విడివిడిగా తాకలేదట.

ముందు నన్ను నేనే అనుమానించుకున్నాను.
ఎఫ్ ఎనిమిది మీద వేలు పెట్టి
ఒక్కో పంక్తినీ నడిపించాను,
పసివాణ్ణి మెట్లు దింపినట్టు.
పసుపు పట్టీ దిగుతుంది, దిగుతుంది,
పదిహేడు రాగానే చతికిలబడుతుంది.
వరుసల జోలికి పోకుండా గడి గడి తిరగమన్నాను.
తిరిగింది.
బూడిద రంగు తీసుకెళ్లి దూడల మీద పోసింది.
గోరుచుట్టు మీద రోకటిపోటు, ప్రింటర్
కాగితం మింగి కూర్చుంది.

అప్పుడు గీతలన్నీ కనబడేలా చేసి చూశాను.
సామ్మోల్. యోవ్నా.
రెండు పేర్లు, రెండు వరుసలు, రెండు చెవికోతలు.
తలల లెక్క దగ్గర మాత్రం
ఒకటే గడి, పొడుగ్గా,
నడుమ రెండు వందల పన్నెండు.

కలిపింది హెల్వి. నాకు ముందు ఈ కుర్చీ ఆమెది.
అన్నదమ్ములు మంద కలిపి మేపేవాళ్లు,
ఒకే ఫ్లాస్కులో చారు తాగేవాళ్లు.
వాళ్లను వేరుగా లెక్కపెట్టాలంటే
తనకే ఏదోలా ఉండేదట.

నిరుడు మంచు కరిగే వేళ ఒక కంచె దగ్గర
మాటా మాటా పెరిగింది.
ఇప్పుడు దుకాణంలో ఒకడుంటే
రెండోవాడు బయట బండిలో ఇంజను ఆపకుండా కూర్చుంటాడు.
ఊరంతటికీ తెలుసు. ఫైలుకే తెలీదు.

గడిని విడగొట్టడం ఎంతసేపు, రెండు క్లిక్కులు.
రెండు వందల పన్నెండూ పైగడిలోకి ఎక్కి కూర్చున్నాయి.
కింది గడి ఖాళీ.
పైన సామ్మోల్, పెద్దవాడు.
కింద యోవ్నా, సున్నా అయినా లేకుండా.

కంట్రోల్ జెడ్.
మళ్లీ విడగొట్టాను. మళ్లీ అంతే.
పంపకాలు రావు దీనికి,
పైనున్నవాడికే అన్నీ.

తప్పొచ్చినా పట్టించుకోక సాగిపొమ్మని
ఒక పంక్తి రాసేయొచ్చు. రాసిన రోజులూ ఉన్నాయి.
అది చాప కిందికి చెత్త ఊడ్చడమే.

ఇక్కడ మంద ఎంతని అడగడం
బ్యాంకు పుస్తకం చూపమనడం లాంటిది.
కార్యదర్శిని గనక నాకు చెల్లుతుంది.
సామ్మోల్‌కి ఫోన్ చేశాను: నీవి ఎన్ని?
చాలాసేపు గాలి చప్పుడు.
"వాడికి తెలుసు."
యోవ్నాకి చేశాను.
"అన్నకి తెలుసు" అన్నాడు,
అని వెంటనే పెట్టేశాడు.

రాత్రి తొమ్మిదికి ఒక షరతు చేర్చాను:
పట్టిక ఏకరీతిగా లేకపోతే దాటిపో, నంబరు నాకు చెప్పు.
దాని పైన ఒంటి కొటేషన్ గుర్తు పెట్టి,
యంత్రం చదవని చోట, నా తర్వాత వచ్చేవాళ్లకి రాశాను:
పదిహేడు చేత్తోనే చెయ్యాలి. తొందరపడొద్దు.

నలభై రెండు పట్టికలు ఆరు సెకన్లలో అయిపోయాయి.
పదిహేడోదానికి నేనే కూర్చుని గీతలు సర్దాను.
పొడుగు గడిని పొడుగ్గానే ఉంచి
అంకె మాత్రం చెరిపేశాను.

అంత చలిలో పెన్ను రాయదు.
పెన్సిలు తీసుకెళ్తాను.
ఒకటే.